ఇంగ్లీష్ ఓపెనింగ్‌తో కొన్నేళ్లు: చెన్నై టోర్నమెంట్ల నుంచి ఒక సమీక్ష

చదరంగంలో తెల్లపావులు వచ్చిన ప్రతిసారీ సి4తో, అంటే సి వరుసలోని బంటును రెండు గళ్లు తోసి, ఆట మొదలుపెట్టడం నాకు కొన్నేళ్లుగా అలవాటు. ఈ ఆరంభాన్నే ఇంగ్లీష్ ఓపెనింగ్ అంటారు. పుస్తకాలు తిరగేసే పని తగ్గుతుందని దీన్ని ఎంచుకొన్నాను గాని, మనసు పారేసుకొన్నది మాత్రం జి2లో కూర్చునే బిషప్ మీద. మొదట్లో అది ఏ పనీ చేస్తున్నట్టు కనిపించదు.

నగర శివారులోని ఒక కళాశాల హాల్లో జరిగిన రేటింగ్ టోర్నమెంట్‌లో నా ప్రత్యర్థి ఒక హైస్కూలు కుర్రవాడు. ఈ ఊరి పిల్లలు ఇ4, డి4లకు జవాబులు కంఠతా పట్టి వస్తారు. అతడు సి4కు ఇ5 ఆడి, డి5 దగ్గర బంట్లు మార్చుకొని, గుర్రాన్ని బి6కు వెనక్కి తీసుకొన్నాడు. అంటే, ఇ4కు నల్లపావులవాడు సి5తో ఇచ్చే జవాబైన సిసీలియన్‌నే నేను ఒక ఎత్తు ముందుండి తెల్లపావులతో ఆడుతున్నానన్నమాట. ఇద్దరం క్యాస్లింగ్ చేసి రాజులను భద్రపరుచుకొన్నాక నేను బి4 తోశాను, అతడు బిషప్‌ను జి4లో పెట్టాడు. బి5తో అతని సి6 గుర్రాన్ని అదిలించగానే అది డి4కు దూకింది, ఇ5 బంటుకు కాపు లేకపోయింది. ఎఫ్3లోని నా గుర్రం ఆ బంటును తీసుకోవడంతో జి4 బిషప్ దెబ్బలో పడటమే కాక, నా బిషప్‌కు జి2 నుంచి బి7 దాకా దారి పూర్తిగా తెరుచుకొంది. అతడు బిషప్‌ను ఇ6కు లాక్కొన్నాడు, నేను బి7 బంటును తీసుకొన్నాను. రూక్ బి8కు తప్పుకొంటే నా గుర్రం సి6లో దిగి దాన్నీ మంత్రినీ ఒకేసారి పట్టింది. కుర్రవాడు స్కోర్‌షీటు మీద పెన్ను ఆనించి చాలాసేపు కదలలేదు. గుర్రాలు మారాక రెండు బంట్లు మిగిలాయి, తక్కినదంతా సాగదీతే.

అయితే ఈ ముచ్చటంతా నల్లపావులవాడు ఇ5 ఆడినప్పుడే. నాకు ఈమధ్య ఎదురవుతున్నవారిలో చాలామంది ఇ6 గాని సి6 గాని ఆడి, వెంటనే డి5 తోస్తున్నారు. 2013లో ఇదే చెన్నైలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోరులో ఆనంద్‌పై కార్ల్‌సెన్ తొలి గెలుపు సాధించిన అయిదో ఆట కూడా సి4తోనే మొదలైంది. రెండో ఎత్తుకే డి4 పడి, డి4 ఆటల్లో వచ్చే సెమీ స్లావ్ అనే ఓపెనింగ్‌గా మారింది, నాలుగో ఎత్తులో ఇ4 వచ్చింది, ఓపెనింగ్‌లో జి2 ఊసే లేదు. కనుక తప్పుతుందనుకొన్న చదువు పూర్తిగా తప్పలేదు, డి4 ఆటలూ కొంత నేర్చుకోవలసి వచ్చింది.

ఉద్యోగం చేసుకొంటూ సెలవుల్లో మాత్రమే ఆడే నాబోటివారికి ఇది సరిపోతుందనే ఇప్పటికీ అంటాను. కోచ్ దగ్గర రోజూ గంటల తరబడి కూర్చోగల పిల్లల సంగతి వేరు. మా అన్నయ్య కొడుకు అడిగితే ముందు ఇ4 ఆడమన్నాను.