కోయంబత్తూరు: లాడ్జిలో మోసం, గ్రైండర్ల షాపులో తెలుగు

మారతహళ్ళి నుంచి నేను, మావారు, అత్తయ్య వెళ్ళాం. మధ్యాహ్నం బెంగళూరులో ఉదయ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రాత్రి తొమ్మిదికి కోయంబత్తూరు. ప్రయాణం హాయిగా సాగింది.

తంటా అంతా లాడ్జిలో. గాంధీపురం బస్టాండు దగ్గర ముగ్గురికీ అని చెప్పి, రెండు రాత్రులకు 4,480 ఆన్‌లైన్లో కట్టేశాం. కౌంటర్లో కుర్రాడు మా ఫోన్లో రసీదు చూడనైనా చూడలేదు. "మూడో మనిషికి రాత్రికి 700, క్యాషే" అన్నాడు. బుకింగులో ముగ్గురని ఉంది కదా అంటే, "అది వాళ్ళనే అడగండి" అన్నాడు. రాత్రి పదవుతోంది. అత్తయ్య మోకాళ్ళు పట్టుకుని కూర్చుండిపోయారు. ఏం చేస్తాం, 1,400 ఇచ్చాం. బిల్లు అడిగితే ప్రింటర్ పాడైందట. తెచ్చిచ్చిన పరుపు బొటనవేలంత మందం, మధ్యలో ఆరిపోయిన టీ మరక. పొద్దున వేడినీళ్ళూ లేవు. ఆ రోజంతా మావారు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. రెండో రాత్రికి కట్టిన 2,940 వదులుకుని ఆర్.ఎస్.పురంలో 1,900కి ఇంకో చోట దిగాం. మూడు మంచాలు, అడక్కుండానే బిల్లు.

ఇంటిల్లిపాదీ వెళ్తుంటే ఆర్.ఎస్.పురంలోనే దిగండి. మూడో మంచం సంగతి ముందే లాడ్జికి ఫోన్ చేసి మెసేజ్‌లో రాయించుకోండి.

ఊరిని మాత్రం తప్పుపట్టలేను. 2011 లెక్కల్లోనే శివార్లతో కలిపి జనాభా 21 లక్షలు దాటింది. అయినా బెంగళూరు ట్రాఫిక్ చూసిన ప్రాణానికి ఇక్కడ ఊపిరాడుతుంది. పడమటి కనుమల మధ్య పాలక్కాడు దగ్గర పెద్ద సందు ఉంది, అక్కణ్ణుంచి గాలి ఊళ్ళోకి వస్తుంది. ఊరికి వచ్చే శిరువాణి నది నీళ్ళ రుచి గురించి విన్నదంతా నిజమే, అత్తయ్య వరసగా రెండు గ్లాసులు తాగారు. మరుదమలై మురుగన్ గుడి, పేరూరు గుడి ఒక్క పూటలో చూశాం.

అత్తయ్య మనసంతా గ్రైండర్ మీదే. కోయంబత్తూరు వెట్ గ్రైండర్‌కి జీఐ గుర్తింపు (ఫలానా ఊరి ప్రత్యేక సరుకని ఇచ్చే ముద్ర) కూడా ఉంది. షాపులో ఆవిడ వచ్చీరాని తమిళంలో ధర అడుగుతుంటే, యజమానురాలు "రాండి, మీరు తెలుగువాళ్ళా? మేమూ తెలుగే. ఇంట్లో మాట్లాడతాము, చదవను రాయను రాదు" అంది. తరతరాలుగా ఇక్కడ స్థిరపడిన తెలుగువాళ్ళు చాలామంది. ఈ ఊరు గర్వంగా చెప్పుకునే, ఎన్నో యంత్రాలు కనిపెట్టిన జి.డి.నాయుడూ తెలుగువాడే.

మేము మూడు లీటర్లది చూస్తుంటే ఆమే వద్దంది. "ముగ్గురికి రెండు లీటర్లు చాలు, పెద్దది కడగలేరు." నానబెట్టిన మినప్పప్పు గుప్పెడు వేసి తిప్పింది. రాళ్ళ కింద వేలు పెట్టి తీసి, ఆ పిండిని అత్తయ్య అరచేతిలో వేసింది. వెన్నలా ఉంది. 5,600కి బిల్లుతో ఇచ్చి, ఒక బెల్టు ఊరికే పెట్టింది. ముందు రోజు లాడ్జి సంగతి చెబితే ఆమెకే కళ్ళు చెమర్చాయి. "మా ఊరికొచ్చి ఇట్ల అయ్యిందే" అని మాకు కాఫీ తెప్పించింది.

మొన్న ఆదివారం తొలిసారి ఇడ్లీపిండి రుబ్బి, అత్తయ్య మొట్టమొదట ఆ షాపావిడకే ఫోన్ చేశారు.