గ్రాన్స్‌ఫోర్స్ 1900 బ్రాడ్ యాక్స్: దుంగల ఇల్లు కట్టేవాళ్లు కొనవచ్చా?

స్వీడన్‌లోని గ్రాన్స్‌ఫోర్స్ బ్రూక్ కంపెనీ 1902 నుంచి గొడ్డళ్లు చేస్తోంది. చేసిన కమ్మరి పేరులోని పొడి అక్షరాలు ఇనుము మీద కొట్టి ఉంటాయి. వాళ్ల 1900 మోడల్ బ్రాడ్ యాక్స్ (వెడల్పాటి వాదర ఉన్న గొడ్డలి) ఒకే పనికి పుట్టిన పనిముట్టు: గుండ్రటి దుంగకు పక్కలు చెక్కి చదునైన ముఖం తేవడం. అమెరికాలోనో కెనడాలోనో కాస్త అడవి ఉన్న స్థలం కొనుక్కుని, చేతులతోనే కేబిన్ (దుంగల ఇల్లు) కట్టుకోవాలని ఉబలాటపడే మనవాళ్లు ఈమధ్య దీని గురించి బాగా అడుగుతున్నారు. ధర వందల డాలర్లలో ఉంటుంది కాబట్టి కొనేముందు ఇది ఏం చేస్తుందో, ఏం చేయదో తెలుసుకోవడం మంచిది.

ముందు ఏం చేయదో చెబుదాం. దీంతో చెట్టు కొట్టకూడదు, కొమ్మలు నరకకూడదు, కట్టెలు చీల్చకూడదు. చూడ్డానికి గొడ్డలే గానీ పనితీరు పెద్ద ఉలికి కామ తొడిగినట్టు ఉంటుంది. ఒంటివైపు పదును రకంలో ఒక పక్క దాదాపు చదును, రెండో పక్కే ఏటవాలు. చదును పక్క దుంగకు ఆనుకుని జారుతూ పెచ్చులు లేపుతుంది. రెండువైపులా పదునున్న రకం కూడా దొరుకుతుంది. అది మూలల్లో దుంగలు కూర్చునే గాడులు చెక్కడానికి బాగానే ఉంటుంది కానీ, పొడవాటి ముఖం చదును చేసేటప్పుడు చెక్కలోకి దిగబడిపోతుంది లేదా బయటికి తన్నేస్తుంది. గోడ దుంగల కోసమైతే ఒంటివైపు పదునుదే తీసుకోండి.

ఆర్డర్ పెట్టేటప్పుడు ఎక్కువగా తప్పేది చేతివాటం దగ్గరే. కుడిచేతి వాటమైతే కుడి చెయ్యి గొడ్డలి తలకు దగ్గరగా ఉంటుంది, దుంగ మీకు ఎడమవైపు ఉంటుంది. కాబట్టి చదును పక్క ఎడమకు, ఏటవాలు కుడికి ఉండాలి. ఎడమచేతి వాటానికి సరిగ్గా తిరగేయాలి. కామ పక్కకు వంచినది ఎంచుకుంటే వేళ్ల కణుపులు దుంగకు రాసుకోవు. తిన్నని కామతో చిన్న ముక్కలు చెక్కవచ్చు గానీ ఇరవై అడుగుల దుంగ పూర్తయ్యేసరికి చేతి చర్మం మిగలదు.

ఇప్పుడు అసలు పని. పదహారడుగులు, ఇరవై అడుగుల కొలతలతో ఒక గది, గోడ ఎత్తు ఎనిమిది అడుగులు అనుకోండి. ఒక్కో దుంగ పది అంగుళాల ఎత్తు ఇస్తే పది వరసలు, అంటే నలభై దుంగలు. మూలల దగ్గర బయటికి వదిలే భాగంతో కలిపి సగటున ఇరవై అడుగుల పొడవు. రెండు ముఖాలూ చెక్కాలి కాబట్టి మొత్తం 1,600 అడుగుల పని, తలుపులూ కిటికీలూ తీసేస్తే కొంచెం తగ్గుతుంది. కొత్తవాళ్లు రోజుకి రెండు దుంగలు పూర్తి చేస్తే మంచి వేగమే.

దుంగ పచ్చిగా ఉన్నప్పుడే చెక్కాలి. ఎండిన పైన్ గానీ స్ప్రూస్ గానీ రెట్టింపు శ్రమ పెడుతుంది. రెండు అడ్డ మొద్దుల మీద దుంగను పెట్టి, రెండు కొనల్లోనూ ఇనుప బిగింపులు కొట్టండి. ఈ గొడ్డలి కామ పొట్టిది, కాబట్టి దుంగను కాస్త ఎత్తులో పెట్టుకోకపోతే సాయంత్రానికి నడుం పట్టేస్తుంది. గీత పడే చోట బెరడు తీసేయండి. రెండు కొనల మీదా మట్టం పెట్టి నిలువు గీతలు గీయండి. ఆరు అంగుళాల మందం కావాలంటే మధ్య గీతకు అటు మూడు, ఇటు మూడు. ఆ తర్వాత సుద్ద దారం లాగి దుంగ పొడవునా కొట్టాలి. దుంగ వంకరగా ఉంటే గీతను ఒకేసారి కాకుండా కొంత కొంత పొడవు చొప్పున కొట్టాలి, లేకపోతే గుండ్రటి మీద గీత పక్కకు జారుతుంది.

ఇక్కడ మామూలు గొడ్డలి కావాలి. అడుగు, అడుగున్నరకు ఒకటి చొప్పున గీతకు పావు అంగుళం ఇవతల ఆగేలా గంట్లు పెట్టి, మధ్యలోని ముక్కలను చీల్చి పడగొట్టండి. ఆపైన మూడు, నాలుగు అంగుళాలకొకటి తేలికపాటి గాట్లు. బ్రాడ్ యాక్స్ చేతిలోకి వచ్చేది ఆ తర్వాతే. ఈ గొడ్డలి బాగోలేదనే ఫిర్యాదుల్లో సగం ఈ గాట్ల దగ్గర పుట్టినవే. గాటు గీత దాటితే ఆ మచ్చ ముఖం మీద ఎప్పటికీ ఉంటుంది, అసలు పెట్టకపోతే పెచ్చు నారవెంట లోపలికి చీలిపోయి గుంట పడుతుంది. నార లోపలికి దిగుతున్నట్టు కనిపించిందంటే ఆగి, అవతలి కొన నుంచి ఎదురుగా రండి.

ఈ గొడ్డలి మంచి పదునుతోనే వస్తుంది. పెట్టెలోంచి తీయగానే పని మొదలుపెట్టవచ్చు. పాత అమెరికన్ బ్రాడ్ యాక్స్‌లలో పన్నెండు అంగుళాల పదును, ఏడెనిమిది పౌండ్ల బరువు ఉన్నవి దొరుకుతాయి, వాటి పక్కన ఇది చిన్నది. పెద్ద దుంగల్లో ఆ బరువే పని చేసిపెడుతుంది, ఇందులో దెబ్బల సంఖ్య పెరుగుతుంది. బదులుగా గీతను పట్టుకోవడం తేలిక. మొదటి ఇల్లు కట్టేవాళ్లకు దీన్నే సిఫార్సు చేస్తాం. పాతదాన్ని తక్కువలో కొంటే వాదర సరిచేసుకోవడానికీ కొత్త కామ అమర్చుకోవడానికీ పట్టే శ్రమ కూడా లెక్కేసుకోండి.

ముడుల దగ్గర జాగ్రత్త. స్ప్రూస్ ముడి ఎండితే రాయిలా ఉంటుంది. దాని మీద ఏటవాలుగా బలంగా కొడితే వాదర చిట్లుతుంది. చలికాలంలో గడ్డకట్టిన ముడులు మరీ దారుణం. ముడికి రెండువైపుల నుంచీ చిన్న దెబ్బలతో తగ్గించుకుంటూ రావాలి. ఇండియాకు తెప్పించుకుని టేకు మీద వాడదామనుకునేవాళ్లకు ఒక మాట: టేకులో ఇసుకలాంటి సిలికా ఉంటుంది, పదును త్వరగా మొద్దుబారుతుంది. ఊళ్లో వడ్రంగి బాడిశతో దూలం చెక్కుతాడు కదా, ఇదెందుకు అంటారా? బాడిశ దుంగ పైముఖాన్ని చదును చేస్తుంది, బ్రాడ్ యాక్స్ నిలువు ముఖాన్ని చెక్కుతుంది. నిజానికి కేబిన్‌లో నేల దూలాల పైభాగానికి బాడిశలాంటి పనిముట్టే కావాలి.

సాన పట్టడం ఏటవాలు పక్క మాత్రమే. చదును పక్కన సానరాయిని పడుకోబెట్టి, అంచున లేచిన సన్నటి ఉక్కు పొర తీస్తే చాలు. అటు కూడా కోణం పెట్టారంటే గొడ్డలి దుంగకు ఆనదు, కొన్న లాభం అక్కడితో పోతుంది. పొడి గ్రైండర్ జోలికి పోవద్దు. అంచు వేడెక్కి నీలిరంగుకు తిరిగిందంటే అక్కడి ఉక్కు మెత్తబడినట్టే. నీళ్ల సానరాయి మేలు.

కామ వదులైతే నీళ్లలో నానబెట్టమని చెప్పేవాళ్లుంటారు. చెక్క ఉబ్బి ఆ పూటకు బిగుస్తుంది, ఆరాక ఇంకా వదులవుతుంది. వేసవిలో కారు డిక్కీలో ఉంచినా అదే గతి. అప్పుడప్పుడూ అవిసె నూనె పట్టించి నీడలో పెట్టండి. కంపెనీ 20 ఏళ్ల గ్యారంటీ ఇస్తుంది గానీ, వెనకభాగంతో మేకులు కొట్టడం లాంటి దుర్వినియోగానికి అది వర్తించదు.

చెక్కిన గోడ కూడా పచ్చి దుంగలదే అని గుర్తుంచుకోండి. ఎండేకొద్దీ అడ్డంగా కుదించుకుపోతుంది. దుంగ మీద దుంగ ఆనేలా పేర్చిన గోడకు అడుగుకు ముప్పావు అంగుళం లెక్క వేస్తారు, అంటే ఎనిమిది అడుగులకు ఆరు అంగుళాలు. కిటికీ చట్రం పైన ఆ మేరకు ఖాళీ వదలకపోతే గోడ బరువు చట్రం మీద పడి అద్దం పగులుతుంది.