జాగ్రత్త: ‘ఒరిజినల్, అన్‌కట్’ అని అమ్ముతున్న ‘ది డెల్టా ఫోర్స్’ బ్లూరే కొనకండి

పాత యాక్షన్ సినిమాల డిస్కులు పోగుచేసుకునే వాళ్ళందరూ ఒక్కసారి ఇది చదవండి. చక్ నోరిస్, లీ మార్విన్ నటించిన 1986 నాటి ‘ది డెల్టా ఫోర్స్’ బ్లూరే (డీవీడీ కన్నా బొమ్మ స్పష్టంగా వచ్చే డిస్క్) అని ఒక ఆన్‌లైన్ షాపింగ్ సైట్‌లో అమ్మకానికి పెట్టారు. హైజాక్ అయిన విమానంలోని బందీల్ని అమెరికా కమాండోలు విడిపించే కథ అది. ‘ఒరిజినల్, ఇంపోర్టెడ్, అన్‌కట్, రీజియన్ ఫ్రీ’ (అంటే ఏ దేశపు ప్లేయర్‌లోనైనా ఆడేది) అని పెద్ద అక్షరాలతో రాశారు. కింద ‘నిజంగా జరిగిన బందీల విముక్తి ఆపరేషన్’ అని మరో ముక్క తగిలించారు. పద్నాలుగు వందలు తీసుకుని నాకు పంపింది మాత్రం ఎవరో కంప్యూటర్‌లో రాసిన మామూలు డీవీడీ. అందులో సినిమా కూడా పూర్తిగా లేదు. అమ్మినవాళ్ళ పేరు ఇక్కడ పెట్టడం లేదు. ఇలాంటి వాళ్ళు ఇవాళ ఒక పేరుతో ఉంటే రేపు ఇంకో పేరుతో వస్తారు. కాబట్టి పేరు కన్నా గుర్తులు తెలుసుకోవడం మనకు ఎక్కువ ఉపయోగం.

ముందు డిస్క్ సంగతి. బాక్స్ నీలం రంగులో, అసలు బ్లూరే బాక్స్‌లాగే ఉంది. లోపలి డిస్క్ తిప్పి చూస్తే అడుగు భాగం ఊదా రంగులో మెరుస్తోంది. కంపెనీలో అచ్చువేసిన డీవీడీ అయితే అడుగు వెండి రంగులోనో, రెండు పొరలదైతే లేత బంగారు రంగులోనో ఉంటుంది. ఊదా రంగు కనిపించిందంటే అది ఖాళీ డిస్క్ కొని రాసినదే. వెలుతురులో కాస్త వంచి చూస్తే, ఎంతవరకు రాశారో అక్కడ ఒక గుండ్రటి గీత, దాని బయట రంగు తేడా స్పష్టంగా కనబడతాయి. మధ్య రంధ్రం చుట్టూ సన్నని అక్షరాల్లో ఖాళీ డిస్కులు తయారుచేసే కంపెనీ కోడ్ కూడా ఉంది. పై లేబుల్ ఇంక్‌జెట్ ప్రింటు. తడి వేలు తగిలితే నటుల పేర్లు అలుక్కుపోయాయి. కవర్ వెనక ఉండే చిన్న అక్షరాలు, అంటే సాంకేతిక వివరాలు, హక్కుల నోటీసు, ఏవీ చదవడానికి రావు. అసలు కవర్‌ను స్కాన్ చేసి ప్రింట్ తీశారని దాన్నిబట్టే తెలిసిపోతుంది.

ఒక పొర బ్లూరేలో 25 జీబీ పడుతుంది. ఈ ఊదా రంగు డిస్కులో పట్టేది 4.7 జీబీ. అందుకే బొమ్మ అంత అధ్వానంగా ఉంది. చీకటి సీన్లన్నీ గళ్ళుగళ్ళుగా విడిపోయాయి. ఆఖర్న ఆపరేషన్‌లో సగం చీకటే. ఎవరు ఎవర్ని కాలుస్తున్నారో తెలియకపోతే యాక్షన్ సినిమా చూడటం దేనికి?

అంతకన్నా నాకు కడుపు మండింది కోతల విషయంలో. ఈ సినిమా నిడివి రెండు గంటల పైనే. నాకు వచ్చిన కాపీ రెండు గంటల దగ్గరికి కూడా రాలేదు. నిడివిలో ప్రతి తేడా మోసం కాదని కూడా చెప్పాలి. యూరప్ పద్ధతిలో తయారైన పాత డీవీడీల్లో సెకనుకు 24 ఫ్రేముల బదులు 25 ఫ్రేములు నడుస్తాయి కాబట్టి రెండు గంటల సినిమా ఐదు నిమిషాలు ముందే అయిపోతుంది. సీన్ ఒక్కటి కూడా పోదు. నా కాపీ సంగతి అది కాదు. తెర కుడివైపు పై మూలలో ఒక మసక చుక్క సినిమా అంతా కదలకుండా ఉంది. టీవీ ఛానెల్ లోగోను చెరిపిన గుర్తు అది. మధ్యమధ్య తెర నల్లబడి మళ్ళీ వస్తుంది, అంటే అక్కడ యాడ్స్ ఉండేవి. టీవీలో టైమ్ కోసం కత్తిరించి వేసిన కాపీని రికార్డ్ చేసి, దానికే ‘అన్‌కట్’ అని పేరు పెట్టి అమ్ముతున్నారు.

ఏం కోశారో చెబితేనే నా బాధ అర్థమవుతుంది. ఈ సినిమా అనగానే అందరికీ గుర్తొచ్చేది చక్ నోరిస్ మోటార్‌సైకిల్. ముందు నుంచి, వెనక నుంచి రాకెట్లు వదిలే బండి. దాని మీద కూర్చుని ఆయన జీపుల్ని, గోడల్ని పేల్చుకుంటూ పోతాడు. చివర్లో రన్‌వే మీద పరుగెడుతున్న విమానాన్ని అదే బండితో వెంబడించి ఎక్కేస్తాడు. అతి అనుకుంటే అతే, నాకు మాత్రం చిన్నప్పటి నుంచీ ఇష్టమే. ఆలన్ సిల్వెస్ట్రీ బాణీ మోగుతుంటే ఆ అతిలో కూడా ఒక ఊపు ఉంటుంది. ఆ భాగం కాపీలో చెక్కుచెదరకుండా ఉంది. పోయినవి సినిమాకు బరువిచ్చే సీన్లు.

మొదట పోయింది ఎడారి సీన్. 1980 ఏప్రిల్‌లో టెహ్రాన్‌లోని అమెరికా రాయబార కార్యాలయం బందీల్ని విడిపించడానికి అమెరికా సైన్యం ‘ఈగిల్ క్లా’ అనే ఆపరేషన్ చేపట్టింది. నిమిట్జ్ అనే విమానవాహక నౌక నుంచి బయల్దేరిన 8 హెలికాప్టర్లలో పనికొచ్చే స్థితిలో మిగిలినవి 5. కనీసం 6 ఉండాలి కాబట్టి ఆపరేషన్ రద్దు చేశారు. వెనక్కి మళ్ళేటప్పుడు ఒక హెలికాప్టర్ రవాణా విమానాన్ని ఢీకొని 8 మంది చనిపోయారు. సినిమా సరిగ్గా ఆ మంటల దగ్గరే మొదలవుతుంది. శిథిలాల్లో ఇరుక్కున్న తోటి సైనికుడు పీట్ కోసం, వెళ్ళొద్దన్నా వినకుండా, నోరిస్ పాత్ర మెకాయ్ వెనక్కి పరుగెడతాడు. తర్వాత, ఇలాంటి ప్లాన్లు వేసే పెద్దల కింద ఇక పనిచేయలేనని ఉద్యోగం వదిలేస్తాడు. ఆఖరి ఆపరేషన్ నుంచి తిరిగొస్తున్న విమానంలో అదే పీట్ ప్రాణం పోతుంది. అవతల విడుదలైన ప్రయాణికులు పాటలు పాడుకుంటుంటే, ఇవతల సైనికులు అతని చుట్టూ నిలబడి ఉంటారు. మొదటి సీన్ చూడకపోతే ఈ చివరి సీన్ ఏమీ అనిపించదు. నా కాపీ నేరుగా ఏథెన్స్ విమానాశ్రయంలో మొదలైంది!

రెండోది ఇంకా దారుణం. విమానం హైజాక్ చేశాక, యూదుల పేర్లున్న పాస్‌పోర్టులు ఏరి ఇమ్మని హైజాకర్ పర్సర్‌ను, అంటే విమాన సిబ్బందిలో ప్రయాణికుల్ని చూసుకునేవాళ్ళ పెద్దను, ఆదేశిస్తాడు. పర్సర్ పాత్ర వేసింది జర్మన్ నటి హన్నా షిగుల్లా. తాను జర్మన్‌నని, ఆ పని తనతో చేయించవద్దని ఆమె వేడుకుంటుంది. నాజీల చరిత్ర తెలిసిన ఎవరికైనా ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగులుతుంది. కాసేపటికి యూదుల్ని పేరుపేరునా పిలుస్తుంటే, జార్జ్ కెనెడీ వేసిన క్రైస్తవ ఫాదర్ తనంతట తానే లేచి ముందుకొచ్చి, యేసుక్రీస్తు లాగే నేనూ యూదుణ్ణే, నన్నూ తీసుకెళ్ళండి అంటాడు. నా కాపీలో పాస్‌పోర్టులు ఆమె చేతికి వచ్చేవరకు ఉంది. ఆమె నోరు తెరవబోయేసరికి తెర నల్లబడింది. వెలుగొచ్చేసరికి సైనికులు విమానమెక్కుతున్నారు. వెనకాల సంగీతం కూడా బాణీ మధ్యలో పుటుక్కున తెగిపోయింది. ఫాదర్ అసలు లేవనే లేవడు. తర్వాత లెబనాన్ రాజధాని బీరూట్‌లో బందీల మధ్య ఆయన ఎందుకున్నాడో కొత్తగా చూసేవాళ్ళకు చచ్చినా అర్థం కాదు.

ఈ సీన్లు ఉండబట్టే సినిమా మొదటి సగం నిజమైన భయంతో నడుస్తుంది. దర్శకుడు మెనహెమ్ గోలన్‌కు ఈ విషయం కొత్త కాదు. 1976లో ఉగాండాలోని ఎంటెబీలో జరిగిన విమాన బందీల విముక్తి మీద ఆయన 1977లోనే ఒక సినిమా తీశాడు. అక్కడా హైజాకర్లు బందీల్లో ఇజ్రాయెలీల్ని మిగతావాళ్ళ నుంచి విడదీశారు. బందీల బాధను చూపించే ఓపిక ఉన్న దర్శకుడి సినిమాలోంచి ఆ బాధనే తీసేస్తే మిగిలేది రాకెట్లు, పేలుళ్ళు.

ఇక ‘నిజంగా జరిగిన ఆపరేషన్’ అన్న ప్రచారం. ఇది చూసి పిల్లలకు చరిత్ర చూపిద్దామని కొనేవాళ్ళు కూడా ఉంటారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. 1985 జూన్ 14న ఏథెన్స్ నుంచి రోమ్ వెళ్తున్న టీడబ్ల్యూఏ అనే అమెరికా కంపెనీ 847 విమానాన్ని హైజాక్ చేసిన మాట నిజం. దాన్ని బీరూట్‌కు, అల్జీరియాలోని అల్జీర్స్‌కు అటూఇటూ తిప్పారు. రాబర్ట్ స్టెథమ్ అనే అమెరికా నౌకాదళ డైవర్‌ను కొట్టి, కాల్చి చంపి, శవాన్ని రన్‌వే మీద పడేశారు. పర్సర్ ఊలీ డెరిక్సన్ హైజాకర్లతో జర్మన్‌లో మాట్లాడుతూ ప్రయాణికుల ప్రాణాలు కాపాడటానికి తాను చేయగలిగిందంతా చేసింది. అల్జీర్స్‌లో డబ్బులిస్తేనే ఇంధనం పోస్తామంటే తన దగ్గరున్న క్రెడిట్ కార్డే ఇచ్చింది. షిగుల్లా పాత్రకు మూలం ఆమే. అంతవరకు సినిమా నిజానికి దగ్గరగానే ఉంటుంది.

విముక్తి మాత్రం పూర్తిగా కల్పన. బీరూట్‌లో ఏ కమాండో దాడీ జరగలేదు. చివరిదాకా మిగిలిన 39 మంది బందీలు జూన్ 30న చర్చల తర్వాతే బయటపడ్డారు, సిరియా మీదుగా ఇంటికి చేరారు. ఆ తర్వాత కొన్ని వారాల్లో ఇజ్రాయెల్ తన దగ్గరున్న, హైజాకర్లు విడిచిపెట్టమని అడిగిన వందలాది లెబనాన్ షియా ఖైదీల్ని వదిలిపెట్టింది. ఆ విడుదలకు, బందీలకు సంబంధం లేదని అధికారికంగా చెప్పారు. సినిమా తీసింది ఇజ్రాయెల్‌లో, విడుదలైంది 1986 ఫిబ్రవరిలో, అంటే అసలు ఘటన జరిగిన ఎనిమిది నెలలకే. నిజంలో దొరకని గెలుపును తెర మీద చూపించిన సినిమా అది. అలా అని తెలిసి చూస్తే తప్పేమీ లేదు. చరిత్ర అని చెప్పి అమ్మడం మాత్రం తప్పే, స్టెథమ్ ప్రాణం పోయిన సంఘటన ఇది.

ఇంకో సంగతి. ఇదే పేరుతో రెండో భాగం 1990లో, మూడో భాగం 1991లో వచ్చాయి. రెండో దాంట్లో నోరిస్ ఉన్నాడు గాని కథ డ్రగ్స్ ముఠా మీద. మూడో దాంట్లో ఆయన లేనే లేడు. లీ మార్విన్ మొదటి దాంట్లోనే ఉన్నాడు, అదే ఆయన ఆఖరి సినిమా, 1987లో చనిపోయాడు. కాబట్టి ఫోటోలో కవర్ మీద మార్విన్ పేరు లేకపోతే ఏ భాగం అని అడిగి తెలుసుకోండి.

‘రీజియన్ ఫ్రీ’ అన్న మాటనూ ఊరికే నమ్మకండి. బ్లూరే లెక్కలో మన దేశం రీజియన్ సీ, అమెరికా ఏ, యూరప్ బీ. డీవీడీ లెక్కలో మనది 5, అమెరికా 1. బయటి దేశం నుంచి వచ్చిన అసలు డిస్క్ అయితే చాలాసార్లు ఆ అక్షరమో అంకెనో కవర్ వెనక చిన్న గ్లోబ్ గుర్తులో ఉంటుంది. డిస్క్ అడుగు భాగం ఫోటో, కవర్ వెనక ఫోటో, మొత్తం నిడివి, ఈ మూడూ కొనకముందే అడగండి. అసలుది ఉన్నవాడు వెంటనే పంపుతాడు. నేను అడిగితే ‘సేమ్ యాజ్ పిక్చర్ సార్’ అని ఒకే మాట వచ్చింది. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసిపెట్టుకోవడం కూడా అవసరం. సీల్ దగ్గర నుంచి డిస్క్ తిప్పి చూపించేవరకు ఒకే షాట్‌లో ఉండాలి.

రిటర్న్ పెడితే ‘డిస్క్ ప్లే అవుతోంది కాబట్టి లోపం లేదు’ అని తిప్పికొట్టారు. అక్కడితో ఆగిపోవద్దు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ప్రకటనలో చెప్పినట్టు లేని వస్తువును, నకిలీ వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. సైట్‌కు ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. నేను ప్రకటన స్క్రీన్‌షాట్లు, అన్‌బాక్సింగ్ వీడియో, ఊదా రంగు అడుగు ఫోటో జతచేసి ఆ అధికారికి మెయిల్ పెట్టాను. ఉలుకూ పలుకూ లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాను. వాళ్ళ దగ్గర కేసు నమోదయ్యాకే సైట్ వాళ్ళు కదిలారు, డబ్బు తిరిగొచ్చింది. హెల్ప్‌లైన్‌తో కూడా పని కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఆన్‌లైన్‌లోనే వెళ్ళొచ్చు. వస్తువు విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయర్ పెట్టుకోవాలన్న రూలూ లేదు.

డబ్బు వచ్చినా ప్రకటన మాత్రం పోలేదు. అదే ఫోటో, అవే మాటలు, అమ్మకందారు పేరు మారింది, ధర ఇంకో వంద పెరిగింది. ఫోటోలో నీలం బాక్స్ కింద కుడి మూల కాస్త చిట్లి ఉంటుంది, వెనక గులాబీ పూల దుప్పటి కనబడుతుంది. ఆ ఫోటో ఎక్కడ కనిపించినా కొనకండి, ‘నకిలీ వస్తువు’ అని రిపోర్ట్ కొట్టండి.