బీచ్ రోడ్డు మెషీనా, బ్లడ్ టెస్టుల ప్యాకేజీనా, డైటీషియనా: పోషణ చూపించుకోడానికి ఏది మేలు?

మా అమ్మకి 62 ఏళ్లు. పదకొండేళ్లుగా షుగరు, రోజూ మెట్‌ఫార్మిన్ వేసుకుంటుంది. నీరసంగా ఉంటోందని నిరుడు మూడు చోట్లా చూపించాం. చివర వెళ్లిన చోటికే ముందు వెళ్లాల్సిందని ఇప్పుడనిపిస్తోంది.

మొదటిది విశాఖపట్నం ఆర్కే బీచ్ దగ్గర పొద్దున్నే పెట్టే మెషీన్. ఎక్కి నిలబడితే ఒంట్లో కొవ్వెంత, కండెంత అని చీటీ ఇస్తారు. ఆ మెషీన్ మన ఒంట్లోకి తెలియనంత చిన్న కరెంటు పంపుతుంది. నీరు ఎక్కువుండే కండలోంచి అది సులువుగా పోతుంది, కొవ్వు అడ్డుకుంటుంది. దాన్నిబట్టి మెషీన్ కట్టేది అంచనా మాత్రమే. నడిచి చెమట పట్టాక ఎక్కితే ఒకలా, నీళ్లు తాగి ఎక్కితే ఇంకోలా వస్తుంది. ఒకే మెషీన్ మీద, పరగడుపున, ఒకే వేళకి నెలనెలా చూసుకుంటే మార్పు తెలుసుకోడానికి పనికొస్తుంది, కాదనను. కానీ చీటీ ఇచ్చిన చేత్తోనే పౌడర్ డబ్బా చూపించారు. అమ్మేవాళ్లు కొలిచిన కొలత మీద నాకు నమ్మకం లేదు. దానికన్నా టైలరు టేపు నయం: నడుము ఆడవాళ్లకి 80, మగవాళ్లకి 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి.

రెండోది ల్యాబ్ ప్యాకేజీ. ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లారు, సాయంత్రానికి ఫోన్లో పేజీలకి పేజీలు రిపోర్టు. మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, హిమోగ్లోబిన్ తప్పకుండా కావలసినవే. అయితే షుగరు ఎందుకు పెరిగిందో, ఏ పూట తిండి వల్లో కాగితం చెప్పదు. పైగా అమ్మకి నిజంగా కావలసిన టెస్టు ఆ ప్యాకేజీలో లేనేలేదు.

ఇక డైటీషియన్. ముప్పై దాటని అమ్మాయి. ముందు బరువు కూడా చూడలేదు. "అమ్మా, నిన్న లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఏం తిన్నారో చెప్పండి" అంది. చోడి (రాగి) అంబలి, మధ్యాహ్నం రెండు హస్తాల (అన్నం వడ్డించే గరిటెల) అన్నం, పప్పుచారు, రాత్రి రెండు చపాతీలు అని చెప్పింది అమ్మ.

"మీ హస్తం ఎంతుంటుందమ్మా?"

అమ్మ చేత్తో చూపించింది. ఆ అమ్మాయి అలా రాసుకోలేదు, రెండోసారి వచ్చేటప్పుడు ఆ హస్తాన్నే తెమ్మంది. తీసుకెళ్తే, గిన్నెడు అన్నంలోంచి అమ్మచేతే వడ్డింపించి తూకం వేసింది. హస్తానికి 160 గ్రాములు తూగింది. మజ్జిగలోకి కలుపుకునే అన్నం అమ్మ లెక్కలోకే రాలేదని అప్పుడు బయటపడింది. పప్పుచారు సంగతీ అంతే. నలుగురికి గుప్పెడు కందిపప్పు వేసి కాస్తే, మనిషికి దక్కే పప్పు ఎంత? అమ్మ 58 కేజీలు. కేజీకి 0.83 గ్రాముల చొప్పున రోజుకి 48 గ్రాముల ప్రోటీన్ కావాలి, ముప్పై కూడా అందట్లేదు. కొత్త తిండేమీ చెప్పలేదు: పప్పు ముద్దగా చేసుకోమంది, పొద్దున అంబలితో గుడ్డు, తినే రోజుల్లో కానాగంతల (చేపల) పులుసు.

అరికాళ్ల తిమ్మిర్లని మేమంతా షుగరు మీదకి తోసేశాం. మెట్‌ఫార్మిన్ ఎన్నేళ్లనుంచి అని అడిగింది ఆవిడొక్కతే. ఆ మందు చాలాకాలం వాడితే కొందరికి విటమిన్ బి12 తగ్గుతుంది, దానివల్ల కూడా తిమ్మిర్లు రావచ్చు. డాక్టరుగారికి చెప్పి, ప్యాకేజీలో లేని ఆ టెస్టు చేయిస్తే మిల్లీలీటరుకి 200 పికోగ్రాములకి కిందే, అంటే తక్కువగా ఉంది. మందులు ఆయన రాశారు.

అందుకే నా ఓటు డైటీషియన్‌కి. టెస్టులు ఆ తర్వాత, ఏవి అవసరమో అవే. కాకపోతే న్యూట్రిషనిస్టని బోర్డు కనిపించగానే లోపలికి వెళ్లిపోకండి. ఏం చదివారో, ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ ఇచ్చే ఆర్‌డీ (రిజిస్టర్డ్ డైటీషియన్) గుర్తింపు ఉందో లేదో అడగండి, అడగడం తప్పేం కాదు. మొదటి పది నిమిషాల్లోనే అచ్చువేసిన డైట్ చార్టు చేతిలో పెడితే రెండోసారి వెళ్లక్కర్లేదు. డబ్బు ఇబ్బందైతే విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో ముందు ఓపీలో డాక్టర్ని కలిసి, డైటీషియన్ దగ్గరికి పంపమని అడగండి. పొద్దు పోతుంది, ఓపిక చేసుకోవాలి.

పాతికేళ్ల వయసుండి, ఏ జబ్బూ లేకపోతే ఇంత అవసరం లేదు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2024లో తెచ్చిన ఆహార మార్గదర్శకాలు చదివి, వారం రోజులు తిన్నది రాసుకుంటే మీ లోపం మీకే చాలావరకు కనిపిస్తుంది. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం పైన రాసిన ప్రోటీన్ లెక్క పట్టుకోకండి, మీకెంతో కిడ్నీ డాక్టరే చెప్పాలి.