వ్యాను మీద మూడున్నరేళ్ల సోలార్: ప్యానెల్ కంటే బ్యాటరీయే ఏడిపించింది

మాది శ్రీకాకుళం. 2022 మొదట్లో ఒక సెకండ్‌హ్యాండ్ ట్రావెలర్ కొని వెనక మంచాలు వేయించాం. నాన్నకి తిరగడం సరదా. కానీ ఆయన ఇన్సులిన్ చల్లగా ఉండాలి, రాత్రి ఫ్యాను తిరగాలి. ఈ రెండింటి కోసమే సోలార్.

అరసవిల్లి సూర్యనారాయణస్వామి పక్కనే ఉండగా ఎండకేం కరువులే అనుకుని, లెక్కా జమా లేకుండా ముందు ప్యానెల్ కొనేశాను. 330 వాట్లది, డాబాల మీద వేసే రకం. రెండు మీటర్ల పొడవు, 22 కిలోల బరువు. షాపతను దానికి, ప్యానెల్ కరెంటుని అదుపులో పెట్టి బ్యాటరీకి పంపే చవక పీడబ్ల్యూఎం కంట్రోలర్ ఒకటి, ఇంటి ఇన్వర్టర్‌కి వాడే 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) ట్యూబులర్ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఒకటి తగిలించి పంపాడు.

మిట్టమధ్యాహ్నం మీటరు పెట్టి చూస్తే ఎనిమిదిన్నర ఆంపియర్లు. బ్యాటరీ 13 వోల్టులు, అంటే 110 వాట్లు. మిగతాదంతా ఎటు పోయినట్టు? ఆ ప్యానెల్ 37 వోల్టుల దగ్గర బాగా పనిచేస్తుంది. పీడబ్ల్యూఎం దాన్ని బ్యాటరీ వోల్టేజీకి దించేస్తుంది, దించినందుకు ఆంపియర్లేమీ పెంచదు. వోల్టేజీ దించినా ఆ మేరకు ఆంపియర్లు పెంచే ఎంపీపీటీ కంట్రోలర్‌కి మార్చాక అదే ఎండకి 19 ఆంపియర్లు, 250 వాట్లు. 330 అయితే ఇప్పటిదాకా నా కంట పడలేదు. ఆ అంకె ప్యానెల్ వేడి 25 డిగ్రీలున్నప్పటిది. ఆపైన ఒక్కో డిగ్రీకి సుమారు 0.4 శాతం తగ్గుతుంది. మే నెలలో మా ప్యానెల్ మీద చెయ్యి ఆనించలేం మరి.

అసలు కథ బ్యాటరీది. 12 వోల్టుల బ్యాటరీకి 150 ఏహెచ్ అంటే 1800 వాట్ అవర్లు. లెడ్ యాసిడ్‌ని సగానికి మించి వాడితే తొందరగా చస్తుంది కాబట్టి చేతికొచ్చేది 900. మా ఖర్చు రోజుకి ఫ్రిజ్ 500, రెండు డీసీ ఫ్యాన్లు 240, లైట్లూ ఫోన్లూ ఓ వంద. ఒక్క రోజు మబ్బు పడితే ఇక అంతే. భావనపాడు దగ్గర ఒక వానరాత్రి మూడింటికి నాన్న లేపారు, "ఏటిరా, ఫేను ఆగిపోనాది?" అని. చూస్తే 11.4 వోల్టులు, అంటే బ్యాటరీ దాదాపు ఖాళీ. ఫ్రిజ్ కూడా ఆగిపోయింది. తెల్లారగానే టెక్కలి వచ్చి ఐసు కొని, ఇన్సులిన్‌ని గుడ్డలో చుట్టి పక్కన పెట్టాం.

ఆ తర్వాత అరకు వెళ్తూ అనంతగిరి ఘాట్ మలుపుల్లో బ్యాటరీ మూతల్లోంచి యాసిడ్ నీళ్లు చిమ్మాయి. కింద చెక్క నల్లబడిపోయింది. ఛార్జింగ్‌లో మండే గుణమున్న హైడ్రోజన్ వదిలే బ్యాటరీని మంచం కింద పెట్టుకుని పడుకున్నామని అప్పుడు గానీ తట్టలేదు.

2023లో 200 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పెట్టించాను. ధర విని ఇంట్లో రెండ్రోజులు మాటల్లేవు. కానీ పాతది దాదాపు 60 కిలోలుంటే ఇది 24. ఎనభై శాతం వాడుకున్నా రెండు యూనిట్లు, అంటే 2000 వాట్ అవర్లు వస్తాయి. రెండు రోజుల ముసురుని తట్టుకుంటోంది. కంట్రోలర్‌లో మాత్రం లెడ్ యాసిడ్ సెట్టింగు వదిలేయకండి. ఈక్వలైజేషన్ (లెడ్ యాసిడ్‌కి అప్పుడప్పుడూ ఇచ్చే ఎక్కువ వోల్టేజీ ఛార్జింగ్) ఆపేసి, ఛార్జింగ్ 14.2 వోల్టులకి పెట్టుకున్నాను. బండి నడిచేటప్పుడు కరెంటు పుట్టించే ఇంజన్ ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి నేరుగా వైరు లాగబోతే మా బావ ఆపాడు. లిథియం ఆబగా లాగేస్తుంది, ఆల్టర్నేటర్ కాలిపోవచ్చు. అందుకే మధ్యలో కరెంటుని హద్దులో ఉంచే 30 ఆంపియర్ల డీసీ-డీసీ ఛార్జర్ పెట్టాం. బ్యాటరీ ప్లస్ పక్కనే ఫ్యూజు కూడా.

ఎవరూ చెప్పని తిరకాసు ఒకటుంది. మనకి నీడ కావాలి, ప్యానెల్‌కి ఎండ కావాలి. బారువలో కొబ్బరిచెట్ల కింద ఆపితే ఒక్క మట్ట నీడ అడ్డంగా పడి 18 ఆంపియర్లు కాస్తా ఐదయ్యాయి. అందుకే తర్వాత వంద వాట్ల మడత ప్యానెల్ ఒకటి, పది మీటర్ల వైరుతో కొన్నాను. బండి నీడలో, అది ఎండలో. నా డబ్బుకి పూర్తిగా న్యాయం చేసింది ఇదే. ఇక తేలినీలాపురంలో చింతచెట్టు కింద ఆపడమంటే కోరి తెచ్చుకున్న కష్టమే. చలికాలం పెలికాన్లు, కొంగలు చెట్టంతా ఉంటాయి. తెల్లారేసరికి ప్యానెల్‌కి సున్నం కొట్టినట్టయింది, గీకడానికి గంట పట్టింది.

సముద్రపు గాలికి మామూలు ఇనుప బోల్టులు ఏడాదికే తుప్పుపట్టాయి. అన్నీ స్టెయిన్‌లెస్ స్టీలువి మార్చాను. ప్యానెల్‌కి మాత్రం ఇప్పటికీ ఏ జబ్బూ లేదు.

ఈమధ్య బావ ఏసీ పెట్టించమని పోరు పెడుతున్నాడు. టన్ను ఏసీ రాత్రంతా నడిస్తే ఐదారు యూనిట్లు తాగుతుంది, మన దగ్గరున్నవి రెండని చెప్పాను. "అయితే ఇంకో రెండు బేటరీలు పెట్టేద్దుమా" అంటాడు. డబ్బులు ఆయనిస్తే నాకేం అభ్యంతరం లేదు.