పిల్లల అండాశయం గడ్డకి చెన్నైలో వైద్యం: ఆ వార్డు గురించి

హాస్పిటల్ పేరు రాయడం లేదు, బాగున్నవీ బాగాలేనివీ రెండూ చెప్పాలి కాబట్టి. పిల్లకి ఇలాంటి గడ్డ ఉందని తెలిసి చెన్నై బయల్దేరే మన తెలుగువాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

మాది సూళ్లూరుపేట. పాపకి పదమూడేళ్లు. పొట్ట ఎత్తుగా కనిపిస్తే ఒళ్లు చేసిందనుకున్నాం, నొప్పంటే నెలసరి నొప్పి అనుకున్నాం, ఊళ్లో చూపిస్తే గ్యాస్ మాత్రలిచ్చారు, అలా మూడు వారాలు పోయాయి. స్కానింగ్ తీస్తే కుడి అండాశయం మీద 14 సెంటీమీటర్ల గడ్డ. ఒక సర్జన్ రెండు అండాశయాలూ గర్భసంచీ తీసేద్దాం, రేపే రండి అన్నాడు. పదమూడేళ్ల పిల్లకి! మా ఆయన సంతకం పెట్టబోతుంటే నేనే చెయ్యి పట్టుకుని ఆపాను. మర్నాడు తెల్లవారుజాము లోకల్ ఎక్కి చెన్నై వెళ్లిపోయాం.

ఇక్కడ డాక్టరు ఆపరేషన్ మాటే ఎత్తకుండా ముందు ఈ మూడు పరీక్షలకి రక్తం తీయించారు: ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్. పెద్ద ఆడవాళ్లకి వచ్చే అండాశయ క్యాన్సర్ వేరు, పిల్లల్లో ఎక్కువగా జెర్మ్ సెల్స్ (అండాలుగా మారాల్సిన కణాలు) నుంచి పుట్టే గడ్డలుంటాయి, వాటిలో కొన్ని ఈ పదార్థాలని రక్తంలోకి వదులుతాయి, ఆపరేషన్‌కి ముందే ఆ అంకె తెలిస్తే తర్వాత తగ్గుతోందో లేదో చూసుకోవచ్చు అని కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. పాపకి ఏఎఫ్‌పీ 9,400 ఉంది, చాలా ఎక్కువ.

ఆపరేషన్‌లో కుడి అండాశయం, దాని ట్యూబు మాత్రమే తీశారు. గడ్డ లోపల పగిలితే స్టేజీ పెరుగుతుందని, కోత కాస్త పెద్దదైనా పగలకుండా మొత్తంగా బయటికి తీశారు. ఎడమది బాగుందని చూసి వదిలేశారు, గర్భసంచి జోలికే పోలేదు. యోక్ శాక్ ట్యూమర్, అంటే జెర్మ్ సెల్స్ నుంచి పుట్టే ఒక రకం క్యాన్సర్ అని బయాప్సీలో వచ్చింది, కీమో నాలుగు సైకిళ్లు. సిస్‌ప్లాటిన్, ఇటోపొసైడ్, బ్లియోమైసిన్ అనే మందులు.

ఈ వార్డు నర్సులకి నేను దణ్ణం పెడతాను. సిస్‌ప్లాటిన్ కిడ్నీల మీద పని చేస్తుందట, అందుకని ఎక్కించే రోజు ముందూ వెనకా సెలైన్ పెట్టి, పాప పోసిన ప్రతి చుక్కా ప్లాస్టిక్ జగ్గులో కొలిచి మంచం దగ్గర కాగితంలో రాసేవాళ్లు. రాత్రి రెండింటికి లెక్క తగ్గిందని చిత్తూరు వైపు నర్సమ్మ పరుగెత్తుకొచ్చింది, నేను నిద్రలో ఉన్నాను. ప్రతి సైకిల్ ముందు చెవుల పరీక్ష తప్పనిసరి, ఆ మందుతో వినికిడి తగ్గొచ్చట. బ్లియోమైసిన్ ఊపిరితిత్తులకి ఇబ్బంది కాబట్టి ఆయాసం, దగ్గు ఉన్నాయా అని రోజూ అడిగేవాళ్లు. జుట్టు ఊడుతుందని డాక్టరు నాకు కాదు, పాపకే చెప్పారు, వచ్చీరాని తెలుగులో, పక్కన కూర్చుని.

బాగాలేనివి: ఏడింటికి రక్తమిస్తే డాక్టరు కనబడేసరికి ఒంటిగంట. బిల్లింగ్‌లో తమిళం తప్ప మాట్లాడరు. తోడున్నవాళ్లకి పడుకోవడానికి చోటు లేదు, బయట లాడ్జి అద్దె చాలా అయ్యింది, వచ్చేవాళ్లు దానికి వేరుగా డబ్బు పెట్టుకోండి.

పక్క మంచం మీద పదిహేనేళ్ల అబ్బాయి. వృషణం ఒకవైపు గట్టిగా వాచినా నొప్పి లేదని, సిగ్గుతో నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు. వేరే ఊళ్లో వృషణాల సంచి మీదే కోసి గడ్డ తీశారట. అలా కోయకూడదు, గజ్జ దగ్గర నుంచే తీయాలి, లేదంటే క్యాన్సర్ కణాలు ఆ చుట్టుపక్కలకి పాకొచ్చు అని ఇక్కడి డాక్టర్లు చెప్పారు. వాళ్లమ్మ ఏడ్చిన ఏడుపు ఇంకా నా చెవుల్లో ఉంది. మగపిల్లలున్న తల్లులు అడగడానికి మొహమాటపడకండి.

పాప ఏఎఫ్‌పీ అంకెలన్నీ లాంగ్ నోట్‌బుక్‌లో తనే రాసుకుంటుంది. 9,400 తర్వాత 2,100, 310, 38, మొన్న 3. ఇప్పుడు నెలకోసారి రక్తపరీక్ష, మధ్యమధ్యలో స్కాన్. ఎవరైనా వెళ్తుంటే స్కాన్ సీడీ, ముందే ఆపరేషన్ అయ్యుంటే బయాప్సీ స్లైడ్లు, మైనం బ్లాకులు (గడ్డ ముక్కలు మైనంలో దాచినవి) తప్పకుండా అడిగి తీసుకెళ్లండి, అవి లేకపోతే మళ్లీ వెనక్కి తిరగాల్సి వస్తుంది.