మూడు లక్షల విజన్ ప్రో: మన ఎండల్లో, మన ఇళ్ళల్లో

యాపిల్ విజన్ ప్రో అంటే కళ్ళకి అద్దాల్లా పెట్టుకునే కంప్యూటర్. అది పెట్టుకున్నవాళ్ళ దగ్గర నెల్లూరులోనైనా ఒంగోల్లోనైనా రెండే మాటలు వినిపిస్తాయి. "ఇట్టాంటిది యాడా చూళ్ళేదు" అనేవాళ్ళు కొందరు, "పది నిమిషాలకే తలకాయ నొప్పొచ్చేసింది, తీసెయ్ అబ్బయ్యా" అనేవాళ్ళు కొందరు. చాలాసార్లు ఇద్దరూ పెట్టుకున్నది ఒకే హెడ్‌సెట్. దాన్ని చాలాకాలం వాడిన మీదట నేను గట్టిగా చెప్పగలిగేది ఒకటుంది. ఇది దర్జీ కొలతపెట్టి కుట్టిన చొక్కా లాంటిది. ఎవరి ముఖం కొలతతో వచ్చిందో వాళ్ళకే సుఖం. మన ఇళ్ళల్లో కొత్త వస్తువు వస్తే నలుగురి చేతులూ మారాల్సిందే కాబట్టి తిట్లు కూడా అంతే సహజం.

ఇది 2024 ఫిబ్రవరి 2న అమెరికాలో అమ్మకానికి వచ్చింది. 256 జీబీది 3,499 డాలర్లు, అంటే పన్ను కాకుండానే మన డబ్బుల్లో సుమారు మూడు లక్షలు. 2025 అక్టోబరులో ఎం5 చిప్‌తో కొత్తది వచ్చినా ధర మారలేదు. భారతదేశంలో అధికారిక అమ్మకం లేదు. కాబట్టి మన జిల్లాల్లో కనిపించేవి అమెరికాలో ఉన్న పిల్లలు తెచ్చినవో, సింగపూర్, దుబాయ్ నుంచి వచ్చినవో అయ్యుంటాయి. అసలు తంటా అక్కడే మొదలవుతుంది.

కొనేటప్పుడు ఐఫోన్‌తో ముఖం స్కాన్ చేస్తారు. ముఖానికీ హెడ్‌సెట్ గాజుకీ మధ్య ఉండే మెత్తటి చట్రాన్ని లైట్ సీల్ అంటారు. దాని సైజు ఆ స్కాన్ నుంచే వస్తుంది. డల్లాస్‌లో కొడుకు తన ముఖం స్కాన్ చేయించి కొని కావలిలో నాన్నకి పంపిస్తే, ఆయన ముఖానికి అది నప్పడం అదృష్టం మీద ఆధారపడుతుంది. నప్పకపోతే ముక్కు పక్కల నుంచి వెలుతురు దూరుతుంది, బరువంతా చెంప ఎముకల మీద పడుతుంది, దీన్లో బటన్ని కళ్ళతో చూసి వేళ్ళు కలిపితే నొక్కినట్టు, కానీ సీల్ నప్పకపోతే చూసిన బటన్ కాకుండా పక్కది వెలుగుతుంది. "కళ్ళతో నొక్కడం నాకు రాలేదు" అనే పెద్దవాళ్ళలో చాలామందికి వచ్చిన చిక్కు ఇదే, వాళ్ళ చేతగానితనం కాదు. విడిగా సీల్ 199 డాలర్లు, లోపలి కుషన్ 29 డాలర్లు. ఇంట్లో ఇద్దరు వాడాలనుకుంటే రెండో మనిషి ముఖం కూడా స్కాన్ చేసి ఆ సీల్‌ని ముందే తెప్పించుకోవాలి. తర్వాత తెప్పించాలంటే మళ్ళీ ఎవరో ఒకరు విమానం ఎక్కాలి.

మొదటి మోడల్ సీల్‌ని బట్టి 600 నుంచి 650 గ్రాములు. తీగతో తగిలించే బ్యాటరీ విడిగా 353 గ్రాములు. ఎం5 మోడల్ ఇంకా బరువు, 750 నుంచి 800 గ్రాములు. కానీ దానితో వచ్చే డ్యూయల్ నిట్ బ్యాండ్ అనే తలపట్టీలో వెనకవైపు టంగ్‌స్టన్ బరువులు పెట్టారు కాబట్టి ముందుకి వాలడం తగ్గుతుంది. ఆ బ్యాండ్ విడిగా 99 డాలర్లు, పాతదానికీ సరిపోతుంది. పాత మోడల్ ఉన్నవాళ్ళు ముందు ఖర్చుపెట్టాల్సింది దీని మీదే అని నా అభిప్రాయం. పాతదానితో వచ్చిన వెడల్పు అల్లిక బ్యాండ్ చూడముచ్చటగా ఉంటుంది గానీ, నడినెత్తి మీద ఆధారం లేనందువల్ల బరువంతా ముఖమే మోయాలి. రెండు పట్టీల డ్యూయల్ లూప్ అంతకంటే నయం. వెనక పట్టీని బొమ్మ స్పష్టంగా కనిపించేదాకా బిగించి, ఆ తర్వాత పై పట్టీని చెంపల మీద ఒత్తిడి తగ్గేదాకా లాగాలి. జడ, కొప్పు ఉన్నవాళ్ళకి కూడా ఇదే వీలు.

కళ్ళద్దాలు పెట్టుకుని దీన్ని వాడలేం. లోపల అయస్కాంతంతో అతుక్కునే జైస్ కటకాలు కొనాలి. చదువుకునే పవర్‌వి 99 డాలర్లు, డాక్టరు చీటీతో చేయించేవి 149. కాంటాక్ట్ లెన్సుల్లో మెత్తటివి పర్వాలేదు, గట్టివైతే కంటిచూపు పట్టుకోవడంలో తేడా రావచ్చు. యాభై దాటినవాళ్ళకి "అంతా మసకగా ఉంది" అనిపిస్తే, మెషీన్ని అనే ముందు కటకాలు ఉన్నాయా లేదా చూడండి. కటకాలు పెట్టిన తర్వాత మందపు కుషన్ వాడాలి, లేకపోతే కనురెప్పల వెంట్రుకలు వాటికి తగులుతాయి.

ఇక మన ఎండ. యాపిల్ చెప్పే వాడకపు ఉష్ణోగ్రత 0 నుంచి 30 డిగ్రీలు. నెల్లూరులో మార్చి నుంచే మధ్యాహ్నం ఆ హద్దు దాటిపోతుంది, రోహిణి కార్తెలో 40 దాటడం మనకి మామూలే. లోపల రెండు చిప్‌లు ఎడతెగకుండా పనిచేస్తాయి. చిన్న ఫ్యాన్లు కింద నుంచి గాలి పీల్చి పైనుంచి వదులుతాయి. పీల్చేదే వేడిగాలి అయితే చల్లబడేదేముంది? వేడి మితిమీరితే మెషీన్ హెచ్చరిస్తుంది. ఏసీ గదిలో 24, 25 డిగ్రీల్లో తప్ప ఎండాకాలంలో దీన్ని తీయకపోవడమే మంచిది. హాల్లో సీలింగ్ ఫ్యాన్ కింద సినిమా చూద్దామనుకుంటే నుదుటి చెమట కుషన్‌లోకి దిగుతుంది, సీల్ జారుతుంది, మళ్ళీ కంటిచూపు గురి తప్పుతుంది.

ఇంకో ఇబ్బంది ఉక్కపోతది. ఏసీలో చల్లబడ్డ హెడ్‌సెట్‌ని వరండాలోకి తెస్తే చల్లటి గాజు మీద గాలిలోని తేమ అంటుకుని కటకాలు మసకబారతాయి. కోట, అల్లూరు, సింగరాయకొండ లాంటి సముద్రం దగ్గరి ఊళ్ళల్లో ఇది మరీ ఎక్కువ. తుడవబోకండి, కాసేపు వదిలేస్తే అదే పోతుంది. గాజుకి స్పిరిట్ లాంటివేవీ తగలకూడదు, పెట్టెలో వచ్చిన పొడి గుడ్డ ఒక్కటే వాడాలి. కిటికీ దగ్గర, కారు డాష్‌బోర్డు మీద అస్సలు వదలొద్దు. కటకాలు భూతద్దంలా ఎండని లోపలి తెరల మీద కేంద్రీకరిస్తాయి, అలా కాలిన మచ్చ పోదు.

ఆడవాళ్ళకి చీరతో వాడటంలో చిక్కు బ్యాటరీదే, పెట్టుకోవడానికి జేబు ఉండదు. లుంగీకీ అంతే. నడుముకి కట్టుకునే చిన్న సంచీ తీసుకుంటే సరిపోతుంది. బ్యాటరీని సోఫా మీద పెట్టి లేచి నడిస్తే తీగ లాక్కుపోతుంది. ఆ తీగ ఊడితే హెడ్‌సెట్ వెంటనే ఆగిపోతుంది, ఎందుకంటే లోపల వేరే బ్యాటరీ లేదు. బొట్టు, కుంకుమ కుషన్ కి అంటుతాయి, తలనూనె బ్యాండ్ అల్లికలోకి పోతుంది. రెంటినీ ఊడదీసి, వాసనలేని గిన్నెలు తోమే లిక్విడ్ కొంచెం వేసిన చల్లటి నీళ్ళలో చేత్తో ఉతికి నీడలో ఆరబెట్టాలి.

చార్జి మామూలు వాడకంలో మొదటి మోడల్‌కి సుమారు రెండు గంటలు, ఎం5 మోడల్‌కి రెండున్నర. 30 వాట్ల చార్జర్‌కి తగిలించి వాడితే ఆ హద్దు లేదు. కరెంటు పోయినా బ్యాటరీ నడుస్తుంది, వైఫై రూటర్ మాత్రం ఇన్వర్టర్ లైన్ మీద ఉండాలి.

గదిలో వెలుతురు గురించి కూడా చెప్పాలి. ఎదురుగా ఉన్న గదిని ఇది కెమెరాలతోనే చూపిస్తుంది కాబట్టి మసక వెలుతురులో అది ఇసక చల్లినట్టు కనిపిస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి నాసిరకం ఎల్‌ఈడీ బల్బులు సెకనుకి 100 సార్లు మినుకుతుంటాయి. మామూలు కంటికి తెలియకపోయినా కెమెరాలో గీతలుగా తేలే అవకాశం ఉంది. మంచి డ్రైవర్ (బల్బులో కరెంటుని నిలకడగా ఇచ్చే భాగం) ఉన్న బల్బు వేస్తే తగ్గుతుంది. చీమకుర్తి నల్ల గ్రానైట్ పరిచిన ఇళ్ళల్లో ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. అద్దంలా మెరిసే తలాలు ఇలాంటి సెన్సర్లని తికమకపెడతాయి, కింద ఒక చాప పరిస్తే మేలు.

ఇన్ని ఇబ్బందులున్నా దీన్ని ఎందుకు పట్టుకుని ఉన్నానంటే రెండు కారణాలు. ఒకటి యాపిల్ మ్యాక్ కంప్యూటర్ తెరని దీన్లో చూడటం. దీన్ని నడిపే సాఫ్ట్‌వేర్ విజన్‌ఓఎస్. 2024 డిసెంబరులో వచ్చిన విజన్‌ఓఎస్ 2.2 నుంచి మ్యాక్ తెరని రెండు 4కే మానిటర్లు పక్కపక్కన పెట్టినంత వెడల్పుకి సాగదీయొచ్చు. అమెరికా వేళల్లో రాత్రిపూట ఇంటి నుంచి పనిచేసేవాళ్ళకి లైటు వేయకుండా, పడుకున్నవాళ్ళని లేపకుండా పని సాగుతుంది. చిన్న అక్షరాలు మంచి మానిటర్‌లో ఉన్నంత పదునుగా ఉండవు, కాబట్టి అక్షరం సైజు పెంచుకోవాలి. విండోస్ ల్యాప్‌టాప్ వాడేవాళ్ళకి ఈ సదుపాయం నేరుగా లేదు, వాళ్ళకి నేను సిఫారసు చేయను.

రెండోది ఫొటోలు. ఐఫోన్ 15 ప్రో నుంచి లోతు తెలిసే వీడియోలు తీయొచ్చు. విజన్‌ఓఎస్ 2 పాత మామూలు ఫొటోలకి కూడా లోతు తెస్తుంది. మనవరాలి పుట్టినరోజు వీడియో అమ్మమ్మకి చూపిస్తే ఆమె చెయ్యి చాపుతుంది. మైపాడు బీచ్‌లో, భైరవకోనలో తీసిన పనోరమా చుట్టూ నిలువెత్తున తెరుచుకుంటుంది. ఇంత మంచి పని చేసే ఇంకో వస్తువు నేను చూడలేదు. అలా వేరేవాళ్ళకి పెట్టేటప్పుడు గెస్ట్ మోడ్ వాడండి. మూడు రకాల వెలుతురులో చుక్కల్ని చూస్తూ వేళ్ళు కలిపే సెటప్ ప్రతి మనిషికీ విడిగా చేయాలి. చివరి గెస్ట్ కొలతల్ని 30 రోజులు గుర్తుపెట్టుకుంటుంది. గురి తప్పుతుంటే పై బటన్ నాలుగుసార్లు నొక్కితే కంటి సెటప్ మళ్ళీ మొదలవుతుంది. 13 ఏళ్ళలోపు పిల్లలకి ఇది వద్దని యాపిలే చెబుతుంది, పిల్లలు ఎంత గోలచేసినా వినొద్దు.

చెన్నై, విజయవాడ రైళ్ళల్లో ఏసీ చైర్‌కార్‌లో అయితే కదిలే బండిలో బొమ్మని నిలకడగా ఉంచే ట్రావెల్ మోడ్ పెట్టుకుని సినిమా చూడొచ్చు. మామూలు స్లీపర్‌లో ఉష్ణోగ్రత ఒప్పుకోదు.

బయటివాళ్ళకి మన కళ్ళు చూపించడానికి ముందువైపు పెట్టిన తెర మాత్రం నాకు నచ్చలేదు. వెలుతురులో సరిగ్గా కనిపించదు, బరువు మాత్రం మోయాలి. యాప్‌లకి, అమ్మకాలున్న దేశపు యాపిల్ అకౌంటు కావాలి. మన ఇండియా అకౌంట్లో కొన్నవి దాన్లోకి రావు.

ఎవరైనా పాతది అమ్ముతామంటే ముందు గాజు మీద వెంట్రుకవాసి పగులైనా ఉందేమో టార్చి వేసి చూడండి. యాపిల్‌కేర్ (యాపిల్ అమ్మే బీమా) లేకపోతే అమెరికాలో ఆ గాజు మార్చడానికే 799 డాలర్లు, వేరే దెబ్బలకి 2,399. ఇక్కడ బాగుచేయించే దారి లేదు. తర్వాత అమ్మేవాళ్ళ అకౌంటు మీ ఎదురుగా తీయించి, మీ అకౌంటుతో తెరిచి, అరగంట పెట్టుకుని కూర్చోండి. సీల్ మీ ముఖానికి సరిపడకపోతే కొత్త సీల్ ఖరీదు ధరలో తగ్గించమనండి.